బండి నెత్తిన ఏసీ: నీళ్లా, గాలా, గ్యాసా?

మానవపాడు మండలాన్ని రెండు దారులు దాటిపోతాయి. ఒకటి హైదరాబాద్ నుంచి కర్నూలు మీదుగా బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి. 2010లో నంబర్లు మార్చేదాకా అది ఏడో నంబరు రోడ్డు. రెండోది సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్, గద్వాల మీదుగా డోన్ చేరే రైలు మార్గం. అటు కృష్ణ, ఇటు తుంగభద్ర, మధ్యన నల్లరేగడి. ఈ నడిగడ్డలో మే నెల వచ్చిందంటే ఎండ 42, 43 డిగ్రీలకు చేరుతుంది. ఆ ఎండలో ఈ రెండు దారుల మీద పోయే స్లీపర్ బస్సులకు, వందే భారత్ పెట్టెలకు, షూటింగులకు తిరిగే క్యారవాన్లకు చాలావరకు ఏసీ ఉండేది పైకప్పు మీదే.

దాన్ని దేంతో కడగాలి, ఎన్నాళ్లకోసారి కడగాలి, ఎవరు కడగాలి అన్న దగ్గర మాత్రం ఎవరి మాట వారిదే. కూలింగ్ రావట్లేదనగానే గ్యాస్ కొట్టించమనే మెకానిక్ ఉన్నాడు. గ్యాస్ జోలికి పోకుండా ముందు నీళ్లు కొట్టమనే మెకానిక్కూ ఉన్నాడు. నీళ్లు తగిలితే మోటారు పోతుందని గాలి మాత్రమే పట్టేవారు ఇంకొందరు. కంపెనీ పుస్తకం మరో మాట చెబుతుంది. ఈ వాదాల్లో ప్రతిదానికీ కొంత ఆధారం ఉంది. అయితే ఒక రకం బండికి సరిపోయిన మాటను ఇంకో రకం బండికి తగిలించడం వల్లే చిక్కు ముదిరింది. ఏ మాట ఏ బండికి వర్తిస్తుందో, ఏది దేనికీ వర్తించదో విడదీసి చూడటం ఈ వ్యాసం పని.

నెత్తిమీదికి ఎలా చేరింది

విల్లిస్ క్యారియర్ 1902లో ఆధునిక ఏసీకి రూపం ఇచ్చింది మనుషుల సుఖం కోసం కాదు, న్యూయార్క్‌లోని ఒక ముద్రణాలయంలో కాగితం తేమకు ఉబ్బకుండా చూడటానికి. బళ్లలోకి రావడానికి ఇంకా మూడు దశాబ్దాలు పట్టింది. మన దేశంలో 1934లో ఫ్రాంటియర్ మెయిల్ పెట్టెలను చల్లబరిచింది మంచు దిమ్మెలతో. అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ 1940 మోడల్ కారుకు ఏసీ అమర్చితే ఆ యంత్రమే డిక్కీలో సగం మింగేసింది. చోటే పెద్ద సమస్య. లారీకైనా బస్సుకైనా రైలుపెట్టెకైనా కింద స్థలం అమ్ముడుపోయే సరుకు, పైన స్థలం ఖాళీ.

అమెరికన్ క్యారవాన్లలో ఆ ఖాళీని వాడుకున్న తీరు తెలుసుకోదగ్గది. గాలి కోసం కప్పుకు ముందే 14 అంగుళాల చదరపు కంత ఉండేది. ఆ మూత తీసేసి అదే కంతలో కూర్చునేలా ఏసీని తయారు చేశారు. ఇప్పటికీ అక్కడి క్యారవాన్ ఏసీలన్నీ దాదాపు అదే కొలతకు వస్తున్నాయి. వేసవి సెలవుల్లో డాలస్ నుంచో సియాటిల్ నుంచో ఎల్లోస్టోన్‌కు క్యారవాన్ అద్దెకు తీసుకుని పోయే తెలుగు కుటుంబాలు తల ఎత్తితే కనిపించే తెల్లటి ప్లాస్టిక్ జాలీ ఆ కంత మీదిదే.

మన రోడ్ల మీద మొదటి తరం ఏసీ బస్సుల్లో చాలావాటికి ఏసీ కోసం విడిగా చిన్న ఇంజిన్ ఉండేది. 2001లో వోల్వో బస్సులు వచ్చాక పెద్ద ఇంజిన్ మీదే కంప్రెసర్, కప్పు మీద మిగతా యంత్రం అనే పద్ధతి పాతుకుపోయింది. రైల్వేలో పాత పెట్టెలకు ఏసీ అడుగున వేలాడేది. 2000లో జర్మనీ నుంచి ఎల్‌హెచ్‌బీ పెట్టెలు వచ్చాయి. వాటిలో పెట్టెకు రెండు చొప్పున ఏసీలు పైకప్పు మీదే ఉంటాయి.

కప్పు మీద పెట్టడం వల్ల లాభాలు నిజమైనవే. రోడ్డు బురద తగలదు, ఇంజిన్ వేడి సోకదు, చల్లగాలి బరువు కాబట్టి తనంతట తనే కిందికి దిగుతుంది. నష్టం ఒక్కటే, కానీ పెద్దది: అది ఎవరి కంటా పడదు. టైరు అరిగితే పక్కన నడిచిపోయేవాడు కూడా చెబుతాడు. కప్పు మీది కాయిల్ పూడుకుపోయిందని చెప్పేవాడు ఉండడు.

పేరొకటే, లోపల వేరు

మూడు బళ్ల ఏసీలూ ఒకటే సూత్రం మీద నడుస్తాయి. లోపలి కాయిల్, అంటే ఎవాపరేటర్, బండిలోని వేడిని పీల్చుకుంటుంది. బయటి కాయిల్, అంటే కండెన్సర్, దాన్ని గాలిలోకి వదిలేస్తుంది. ఈ రెంటి మధ్య గ్యాస్‌ను తిప్పేది కంప్రెసర్. తేడా అంతా కట్టుబడిలో ఉంది, ఆ తేడా మీదే శుభ్రం చేసే పద్ధతి ఆధారపడాలి.

క్యారవాన్ ఏసీ ఒంటి పెట్టె. 13,500 లేదా 15,000 బీటీయూ, మన లెక్కలో టన్నుకు కాస్త ఎక్కువ. కంప్రెసర్, రెండు కాయిళ్లు, ఫ్యాన్లు అన్నీ ఒకే రేకు పళ్లెం మీద బిగించి ఉంటాయి. చాలా మోడళ్లలో మోటారు కూడా ఒకటే. దాని ఇరుసుకు ఒక చివర లోపలి బ్లోయర్, రెండో చివర బయటి ఫ్యాన్. గొట్టాలన్నీ అతుకు పెట్టి మూసేసినవి. ఇంట్లో ఫ్రిజ్‌లాగే గ్యాస్ నింపే మూతి బయటికి ఉండదు.

బస్సు ఏసీ అలా కాదు. పన్నెండు మీటర్ల బస్సుకు ఎనిమిది, పది టన్నుల యంత్రం కావాలి. కంప్రెసర్ వెనక ఇంజిన్ పక్కన బెల్టు మీద తిరుగుతుంది. అక్కడి నుంచి కప్పు దాకా రబ్బరు హోసులు, బిగింపులు, నట్లు. కుదుపు ఎంతో అతుకుల సడలింపు అంత. కంప్రెసర్ ఇరుసు బయటికి వచ్చే చోట సీలు నుంచి కూడా కొద్దికొద్దిగా గ్యాస్ పోతూనే ఉంటుంది. కప్పు మీద మాత్రం ఫైబర్ మూత కింద మధ్యలో కండెన్సర్, చెరో పక్కా ఎవాపరేటర్లు.

రైలుపెట్టె ఏసీ ఈ రెంటికీ మధ్యస్థం. యంత్రం ఒకే పెట్టెలో మూసి ఉంటుంది, శక్తి బస్సు ఏసీకి దగ్గరగా ఉంటుంది. చెడితే క్రేన్‌తో మొత్తం దించి ఇంకోటి పెట్టేస్తారు. పై మూడింటిలో తన పని పద్ధతిని రాతపూర్వకంగా, తేదీల వారీగా పాటించే వ్యవస్థ ఉన్నది దీనికే.

దేంతో కడగాలి

అసలు కడిగేది ఏమిటో దగ్గరగా చూస్తే సగం తగాదా తేలుతుంది. పత్తి తీతల కాలంలో ఈ రోడ్డు మీద తిరిగిన బస్సు ఫైబర్ మూత విప్పితే కండెన్సర్ మీద బూడిద, ఎరుపు కలిసిన రంగులో ఒక పొర కనిపిస్తుంది. పత్తి నూగు అందులో పడుగు. దాన్ని పట్టుకుని నల్లరేగడి దుమ్ము, డీజిలు మసి, రాత్రి దీపాలకు వచ్చి చచ్చిన పురుగుల రెక్కలు. గోటితో ఒక అంచు లేపితే కంబళి ముక్కలా ఊడివస్తుంది, కింద అల్యూమినియం రెక్కలు మిలమిలా ఉంటాయి. ఈ దశలో ఉన్నదానికి మందూ అక్కర్లేదు, ఒత్తిడీ అక్కర్లేదు. మెత్తటి బ్రష్షు, చెయ్యి చాలు. అదే పొర మీద ఎవరైనా ముందే నీళ్లు కొట్టి ఉంటే సంగతి మారిపోతుంది. రేగడి తడిసి రెక్కల సందుల్లోకి దిగి, ఆరి, ఇటుకలా గట్టిపడి ఉంటుంది. అప్పుడు ఎంత కడిగినా పై వైపు శుభ్రంగా కనిపిస్తుంది, గాలి మాత్రం దాటదు.

గాలి పక్షం వారి బలం ఇక్కడే ఉంది. పొడి దుమ్మును పొడిగానే తీయాలన్నది వారి మాట, నల్లరేగడి నేలలో అది అక్షరాలా నిజం. అయితే గాలి పట్టే దిశ ముఖ్యం. ఫ్యాన్ గాలి ఎటు నుంచి కాయిల్‌లోకి పోతుందో అందుకు ఎదురుగా, లోపలి వైపు నుంచి బయటికి పట్టాలి. టైర్లకు కొట్టే గాలి గొట్టాన్ని బయటి నుంచి పెట్టి ఊదితే నూగు లోపలికి పోయి కూర్చుంటుంది. పైగా మసి, వంటనూనె ఆవిరి, టోల్‌గేట్ల దగ్గరి పొగ కలిసిన జిడ్డును గాలి కదిలించలేదు.

నీటి పక్షం మాటా కాదనలేం. జిడ్డు నీళ్లతోనే పోతుంది. వారితో వచ్చిన చిక్కు నీళ్లతో కాదు, పంపుతో. బండ్లు కడిగే జెట్ పంపును తెచ్చి కాయిల్‌కు పెడుతున్నారు. రెక్కల మందం మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది. జెట్ ఏటవాలుగా తగిలిందంటే వరుసలకు వరుసలు పడుకుంటాయి, గాలిదారి శాశ్వతంగా మూసుకుంటుంది. దువ్వెనతో రెక్కలు నిలబెట్టే పరికరం ఉన్నా పది వరుసలు సరిచేసేసరికే పూట గడుస్తుంది. తోటకు నీళ్లు పట్టే పైపు ధార, నిటారుగా, లోపలి నుంచి బయటికి, మోటార్ల మీద, వైరు కనెక్టర్ల మీద ప్లాస్టిక్ కవరు కప్పి: ఇంతకు మించిన ఒత్తిడి అవసరమైన కాయిల్ దాదాపు లేదు.

నీటి గురించి నడిగడ్డకు ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట ఇంకోటి ఉంది. ఇక్కడ చాలా బోర్ల నీళ్లు ఉప్పగా, సుద్దగా ఉంటాయి. అలంపూర్, కర్నూలు వైపు నేల కింద సున్నపురాయి ఉంది. మధ్యాహ్నం ఎండలో వేడెక్కి ఉన్న కండెన్సర్ మీద ఆ నీళ్లు కొడితే అక్కడికక్కడే ఇంకి తెల్లటి పొర మిగులుతుంది. నాలుగైదు సర్వీసింగులు అలా జరిగితే దుమ్ము పోయి సుద్ద వచ్చినట్టే. దుమ్మును బ్రష్షు తీయగలదు, సుద్దను తీయడానికి యాసిడ్ కావాలి, యాసిడ్ అల్యూమినియాన్నీ తింటుంది. అందుకే ఇక్కడ తెల్లవారుజామున, కాయిల్ చల్లగా ఉన్నప్పుడు కడగడం, చివరి కడుగు మాత్రం కాలువ నీళ్లతోనో వాన నీళ్లతోనో ఫిల్టరు నీళ్లతోనో పెట్టడం మంచిది. ఒక బస్సుకు రెండు మూడు క్యాన్ల నీళ్లు సరిపోతాయి. కంపెనీ పుస్తకాల్లో ఈ జాగ్రత్త అరుదుగా కనబడుతుంది.

మూడో పక్షం మందు కొట్టేవారిది. నురుగు కక్కే కాయిల్ క్లీనరు చూడటానికి అద్భుతంగా ఉంటుంది. ఆ నురుగు ఎక్కడిదో తెలిస్తే ఉత్సాహం తగ్గుతుంది. చాలా ఘాటు మందుల్లో కాస్టిక్ సోడా ఉంటుంది, అది అల్యూమినియంతో కలిసి హైడ్రోజన్ వదులుతుంది, బుడగలు అవే. కాయిల్ కొత్తదానిలా మెరుస్తోందంటే పై లోహం కొంత కరిగిపోయిందని అర్థం. యాసిడ్ రకాల్లో కొన్నింటిలో ఉండే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం చర్మానికి తగిలితే వెంటనే మంట తెలియకుండానే లోపలికి దిగి ఎముక దాకా పాడు చేస్తుంది. వట్టి చేతులతో, చెప్పులు కూడా లేకుండా కప్పెక్కే కుర్రాళ్ల చేతికి అలాంటి సీసా ఇవ్వడం నేరంతో సమానం. గిన్నెలు తోమే సబ్బునీళ్లు, లేదా ఘాటు లేని కాయిల్ క్లీనరు చాలు. లోపలి ఎవాపరేటరుకైతే ఘాటు మందు అసలే పనికిరాదు. దాని మీదుగా వచ్చిన గాలినే నలభై మంది రాత్రంతా పీలుస్తారు.

మూడు పక్షాలనూ పక్కపక్కన పెడితే ఇవి పోటీ పద్ధతులు కావని, వరుస క్రమమని తెలుస్తుంది: ముందు పొడి, తర్వాత తడి, తప్పనిసరైతేనే మందు. క్యారవాన్‌కు మోటారు, వైర్లు, కాయిల్ అన్నీ జానెడు దూరంలో ఉంటాయి కాబట్టి గాలి పక్షం పాలు ఎక్కువ. బస్సు కండెన్సరుకు నీటి పాలు ఎక్కువ. ఇప్పుడు కొత్తగా వస్తున్న, సన్నటి పలక గొట్టాల పూర్తి అల్యూమినియం కండెన్సర్లకు మందు పాలు సున్నా. అందులో గొట్టమే కరుగుతుంది.

ఎన్నాళ్లకోసారి

ఇక్కడ రైల్వేదీ ప్రైవేటు బస్సులదీ రెండు వేర్వేరు ప్రపంచాలు. రైల్వేలో ట్రిప్పుకోసారి, నెలకోసారి, ఆరు నెలలకోసారి అంటూ మెట్లు కట్టిన షెడ్యూళ్లు ఉన్నాయి. ఏసీకి ఫిర్యాదు వచ్చినా రాకపోయినా ఫిల్టరు బయటికి రావాల్సిందే. ప్రైవేటు బస్సుల్లో, క్యారవాన్లలో ఎక్కువగా నడిచేది ఫిర్యాదు పద్ధతి. ప్రయాణికుడు అరిస్తే సర్వీసింగ్.

తేదీ పద్ధతికి ఉన్న లోపం, తేదీలు ఋతువులను చూడవు. క్యారవాన్ కంపెనీలు చెప్పే రెండు వారాలకోసారి ఫిల్టరు, ఏడాదికోసారి కాయిల్ అన్న లెక్క పచ్చిక మైదానాల మధ్య నిలబడే బండికి సరిపోతుంది. నవంబరు నుంచి జనవరి దాకా పత్తి లారీల వెనక నడిచే బండికి సరిపోదు. ఫిర్యాదు పద్ధతి లోపం ఇంకా పెద్దది. బయటి కాయిల్ సగం పూడుకున్నా మార్చి దాకా ఎవరికీ తెలియదు. చలికాలంలో సగం కాయిలే చాలు. ఏప్రిల్‌లో ఎండ ఒక్కసారి ముదిరేసరికి వేడి బయటికి పోక, లోపల ఒత్తిడి పెరిగి, కంప్రెసర్ తనను తాను ఆపేసుకుంటుంది. అప్పుడు ఊరంతా బస్సులు ఒకే మెకానిక్ దగ్గర వరుసకడతాయి, ఎవరికీ సరిగ్గా పని జరగదు.

మూడో దారి కొలత. అరచేతిలో పట్టే డిజిటల్ థర్మామీటరుతో లోపలికి పీల్చే గాలి వేడి ఒకటి, బయటికి వచ్చే చల్లగాలి వేడి ఒకటి చూడాలి. ఏసీ ఆన్ చేసి ఇరవై నిమిషాలు అయ్యాక రెంటి మధ్య 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటే యంత్రం తన పని తాను చేస్తున్నట్టే. అప్పటికీ బండి చల్లబడకపోతే లోపం అద్దాల్లోనో తలుపు రబ్బరులోనో కప్పు వేడిలోనో ఉంది. తేడా తగ్గుతూ వస్తుంటే కడిగే వేళయింది. పుస్తకంలో తేదీ పక్కన ఈ అంకె ఒక్కటి రాసుకుంటే మూడు నెలల్లో బండి తన షెడ్యూలు తనే చెబుతుంది. నడిగడ్డ వరకు కనీస మోతాదు ఏమిటంటే, పత్తి కాలం ముగిశాక ఫిబ్రవరిలో ఒక పూర్తి సర్వీసింగ్, వానలు వెనకబట్టాక ఇంకోటి, మధ్యలో ఫిల్టరు వారానికోసారి. దీన్ని అతి అనేవారు ఒక్క కంప్రెసర్ ధర విచారిస్తే మాట మార్చుకుంటారు.

గ్యాస్ పేచీ

ఈ చర్చ మొత్తంలో డబ్బు, నమ్మకం ఎక్కువగా కరిగిపోయేది ఇక్కడే. ప్రతి వేసవికీ గ్యాస్ కొట్టించడం ఆనవాయితీ అయిపోయింది. ఒక పక్షం దీన్ని పూర్తిగా మోసం అంటుంది. రెండో పక్షం కుదుపుల రోడ్డు మీద గ్యాస్ తగ్గడం సహజం అంటుంది. బస్సు గురించి మాట్లాడుతున్నంతసేపూ రెండో పక్షానిదే నిజం. రబ్బరు హోసు, ఇరుసు సీలు ఉన్నచోట ఏటా కొంత పోతుంది. క్యారవాన్ దగ్గరికి వచ్చేసరికి మొదటి పక్షం గెలుస్తుంది. అతికి మూసేసిన గొట్టాల్లో గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో చిల్లు పడిందని, ఆ చిల్లు మూయకుండా నింపితే మళ్లీ పోతుందని అర్థం. నింపే మూతి లేని యంత్రానికి గొట్టం పొడిచి మూతి పెట్టడమంటే ఇంకో చిల్లుకు చోటివ్వడం.

అసలు గందరగోళం ఒత్తిడి కొలిచే గేజి దగ్గర పుడుతుంది. ఫిల్టరు పూడుకుపోయినా, ఎవాపరేటరు మీద దుమ్ము మందంగా ఉన్నా కాయిల్ మీదికి గాలి తగ్గుతుంది. గాలి లేక కాయిల్ సున్నా డిగ్రీల కిందికి పోయి మంచు కడుతుంది. పీల్చే వైపు ఒత్తిడి పడిపోతుంది. గ్యాస్ తగ్గినప్పుడు కనిపించే లక్షణాలూ సరిగ్గా ఇవే: మంచు, తక్కువ ఒత్తిడి, చల్లదనం లేకపోవడం. గేజి ఒక్కటే చూసిన మెకానిక్ నిజాయితీగానే గ్యాస్ ఎక్కిస్తాడు. నెల తర్వాత ఎవరో ఫిల్టరు కడుగుతారు. ఇప్పుడు యంత్రంలో అవసరానికి మించిన గ్యాస్ ఉంది, ఒత్తిడి పెరిగి కంప్రెసర్ మూలుగుతుంది. మోసం లేకుండానే నష్టం జరిగిపోయింది. కాబట్టి ఫిల్టరు, రెండు కాయిళ్లు శుభ్రం చేయకముందు గేజి బిగించకూడదన్నది ఈ రంగంలో ఎవరూ కాదనకూడని మొదటి సూత్రం. శుభ్రం చేశాక కూడా తక్కువే చూపిస్తే అప్పుడు సబ్బునురుగుతో చిల్లు వెతకాలి, నైట్రోజన్ నింపి పరీక్షించాలి, వాక్యూమ్ పట్టాలి, పుస్తకంలో రాసిన బరువు తూచి మరీ నింపాలి.

తూచి నింపడం యంత్రం కోసమే కాదు. బస్సుల్లో ఎక్కువగా వాడే ఆర్-134ఏ కిలో గాలిలో కలిస్తే 1,430 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానమైన వేడి. చాలా క్యారవాన్ ఏసీల్లో ఉండే ఆర్-410ఏకి ఆ లెక్క 2,088. కొత్తగా వస్తున్న ఆర్-32కి 675. 2016 కిగాలి ఒప్పందాన్ని మన దేశం 2021లో ఆమోదించింది, 2032 నుంచి ఈ గ్యాసుల వాడకం దశలవారీగా తగ్గించాలి. రోడ్డు పక్క షాపుల్లో పాత గ్యాస్‌ను సిలిండరులోకి తిరిగి పట్టే యంత్రం అరుదు. నట్టు వదులు చేసి బుస్సుమని వదిలేయడమే అలవాటు.

నెత్తిన పడే చినుకు

పైకప్పు ఏసీ నుంచి నీళ్లు కారుతుంటే వెంటనే చేతికొచ్చేది సిలికాన్ గొట్టం. దాన్ని పక్కన పెట్టి ఒక ప్రశ్న వేసుకోవాలి: కారుతోంది వాన పడినప్పుడా, ఏసీ నడిచినప్పుడా? వానకు కారితే కప్పు కంత చుట్టూ ఉన్న రబ్బరు గాస్కెట్ లేదా కప్పు అతుకు చెడింది. ఏసీ నడిచినప్పుడు కారితే తప్పు డ్రెయిన్‌ది.

క్యారవాన్‌లో గాస్కెట్‌ను నొక్కిపట్టేది లోపలి నుంచి బిగించిన నాలుగు బోల్టులు. రోడ్డు కుదుపుకు అవి సడలుతాయి. నాలుగూ సమానంగా బిగిస్తే చాలాసార్లు కారడం ఆగిపోతుంది, అతిగా బిగిస్తే గాస్కెట్ చచ్చుబడుతుంది. బయట చుట్టూ సిలికాన్ పూస్తే యంత్రం వదిలే నీరు కప్పు మీదికి జారే దారి మూసుకుపోయి కంతలోకే తిరుగుతుంది. బస్సులో డ్రెయిన్ పైపులు కిటికీ స్తంభాల్లోంచి కిందికి దిగుతాయి. రేగడి ముద్దతో అవి మూసుకున్నప్పుడు ట్రేలో నీరు నిలిచి, మలుపులో గానీ బ్రేకు వేసినప్పుడు గానీ పై బెర్తు మీద గుమ్మరిస్తుంది. జాలీలో న్యూస్‌పేపరు కుక్కడం దీనికి ప్రయాణికులు కనిపెట్టిన మందు. పైపు అడుగు నుంచి మెల్లగా గాలి పడితే అయిదు నిమిషాల పని.

నెలల తరబడి ఆగి ఉన్న బండికి ఇంకో బెడద ఉంది. కుమ్మరి పురుగు డ్రెయిన్ రంధ్రాల్లో, ఫ్యాన్ మూలల్లో మట్టిగూళ్లు కడుతుంది. స్విచ్ వేసే ముందు మూత విప్పి చూడటం తప్ప దీనికి మందు లేదు.

క్యారవాన్లలో మాత్రమే కనిపించే మరో లోపం చాలామంది కంటికి ఆనదు. లోపలి జాలీ పైన పీల్చే గాలికి, వదిలే గాలికి మధ్య ఒక అడ్డుగోడ ఉంటుంది. దాని అంచులు వదులైతే చల్లగాలి బండిలోకి రాకుండా అక్కడికక్కడే తిరిగి లోపలికి పోతుంది. కాయిల్ మంచు కడుతుంది, బండి ఉడుకుతుంది, గ్యాస్ తగ్గిందన్న మాట వినిపిస్తుంది. అల్యూమినియం టేపు నాలుగడుగులు అతికిస్తే తీరే జబ్బు ఇది.

కరెంటు

దీని మీద తగాదా తక్కువ, నిర్లక్ష్యం ఎక్కువ. జనరేటరు మీద నడిచే షూటింగు క్యారవాన్లకు, సన్నటి వైరు దూరం నుంచి లాగిన బండ్లకు వోల్టేజీ పడిపోతుంది. కంప్రెసర్ లేవలేక వేడెక్కుతుంది, కెపాసిటరు ఉబ్బుతుంది. ఏసీ ఆపిన తర్వాత మళ్లీ వేయడానికి కనీసం మూడు నిమిషాలు ఆగాలి. మూత విప్పేవారు గుర్తుంచుకోవాల్సింది, వైరు పీకేసినా కెపాసిటరులో కరెంటు నిలిచే ఉంటుంది.

ఎవరి పని

రైల్వేలో ఈ ప్రశ్నకు జవాబు కాగితం మీద ఉంది. 25 వేల వోల్టుల తీగ కింద కరెంటు ఆపించకుండా ఎవరూ కప్పు ఎక్కకూడదు, ఎక్కేవాడి పేరు రిజిస్టరులో ఉంటుంది. ప్రైవేటు బస్సులో ఫిల్టరు క్లీనరుదో, ఏసీ మెకానిక్‌దో తేలదు. డ్రైవరు తనది కాదంటాడు, ఓనరు సీజన్ కాంట్రాక్టు ఇచ్చానంటాడు. ఫిల్టరు, డ్రెయిన్, జాలీ బండి సిబ్బంది పని, కాయిల్ మెకానిక్ పని, గ్యాస్ శిక్షణ పొందినవారి పని అన్న విభజన చాలా డిపోల్లో అనుభవం మీద స్థిరపడినదే, ప్రైవేటు ఓనర్లు దాన్ని రాసి గోడకు అంటించడమే తక్కువ.

ఇంకొక మాట ఈ రోడ్డు మీద తప్పించుకోలేం. 2013 అక్టోబరు 30న ఇదే రహదారి మీద, ఇప్పటి వనపర్తి జిల్లా పాలెం దగ్గర బెంగళూరు–హైదరాబాద్ ఏసీ బస్సు దగ్ధమై 45 మంది చనిపోయారు. 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న మరో బస్సు కాలిపోయింది. ఏసీ వల్ల పుట్టిన ప్రమాదాలు కావు అవి. కానీ ఏసీ బస్సంటే తెరవరాని అద్దాల బస్సు. అద్దం మూసి ఉంచే హక్కు, అత్యవసర ద్వారం సులువుగా తెరుచుకుని, సుత్తి తన చోట ఉన్నప్పుడే ఆ బస్సుకు ఉంటుంది. ఏసీ సర్వీసింగుకు బస్సు ఆగిన ప్రతిసారీ ఆ రెంటినీ కూడా తెరిచి, తీసి చూడాలని ఓనర్ల సంఘాలు నియమం పెట్టుకుంటే ఖర్చు ఒక్క రూపాయి పెరగదు.

ఇంకా తేలనివి

విద్యుత్ బస్సులు వచ్చాక పాత వాదాలు కొన్ని తిరగబడ్డాయి. వాటి ఏసీ కంప్రెసర్ కూడా కప్పు మీదే ఉంటుంది, బ్యాటరీ హైవోల్టేజీ మీద నడుస్తుంది. నీటి పక్షం అక్కడ తాళం తీసి, కనెక్షను విడదీసి, శిక్షణ ఉన్నవాడు పక్కన నిలబడితే తప్ప పనిచేయదు. మరోపక్క పూడుకున్న కాయిల్ వల్ల తగ్గేది చల్లదనమే కాదు, ఒక్క చార్జికి నడిచే దూరం కూడా. అంటే అక్కడ కడగడం కష్టం, కడగకపోవడం ఇంకా కష్టం.

ఆర్-32 కాస్త మండే గుణం ఉన్న గ్యాస్. ఇన్నాళ్లూ బీడీ ముట్టించుకుని, పక్కన వెల్డింగ్ పెట్టుకుని నట్టు వదులు చేసిన చేతులకు అలవాటు మార్చేది ఎవరు, ఏ శిక్షణతో అన్నది ఎవరూ బాధ్యత తీసుకోని ప్రశ్న.

2025 అక్టోబరు 1 తర్వాత తయారైన మధ్యస్థ, భారీ లారీలన్నింటికీ డ్రైవరు క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి. ఎండాకాలం మధ్యాహ్నం నడిగడ్డ దాటే డ్రైవరుకు ఇది ఎన్నేళ్లుగానో రావాల్సిన న్యాయం. ఇంజిన్ ఆపి నిద్రపోయే వేళ కోసం బ్యాటరీ మీద నడిచే చిన్న కప్పు ఏసీలు బిగించుకునే లారీలూ ఉన్నాయి. పత్తి, మిరప, సిమెంటు, ఇసుక మోసే ఈ బండ్లకు పట్టే దుమ్ము బస్సుకు పట్టే దుమ్ముకు ఎన్నో రెట్లు. వారంటీ తీరిన మొదటి లారీలు అలంపూర్ చౌరస్తా, ఎర్రవల్లి చౌరస్తాల్లోని షెడ్ల ముందు ఆగే రోజుకు ఆ షెడ్లలో మెత్తటి బ్రష్షు, థర్మామీటరు, తూకం మిషను ఉంటాయా, గేజీ, గ్యాస్ సిలిండరు మాత్రమే ఉంటాయా అన్నది ఈ రెండు మూడేళ్లలో తేలాలి.